మూడు పసుపు వైర్లు

పద్నాలుగు నెలల్లో బైకుకు రెండు బ్యాటరీలు మార్చాను. అయినా మొన్న మే నెలలో సూర్యాపేట బస్టాండు దగ్గర సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటుందే తప్ప ఇంజన్ తిరగలేదు. వెనక మా అమ్మ, చేతిలో ఆసుపత్రి చీటీలు, నెత్తిన ఎండ. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి నెడితే సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలి స్టార్ట్ చేశాను. మెకానిక్ దగ్గర మళ్లీ అదే మాట: "బ్యాటరీ పోయిందన్నా, కొత్తది వేద్దాం." ఈసారి ఒప్పుకోలేదు. నాలుగు వందలు పెట్టి మల్టీమీటర్ (వోల్టేజ్ కొలిచే మీటర్) కొన్నాను.

బ్యాటరీ అంటే మిద్దె మీది నీళ్ల ట్యాంకు. మోటారు నీళ్లు ఎక్కించకపోతే ట్యాంకు మార్చి ఏం లాభం?

ముందు బ్యాటరీని రాత్రంతా చార్జింగ్ పెట్టించాను. తీశాక కొన్ని గంటలు ఆగి చూస్తే 12.7 వోల్టులు. అంటే బ్యాటరీ బాగానే ఉంది. టెర్మినళ్ల మీది తెల్లటి పొడిని వేడినీళ్లు, వంటసోడాతో కడిగి, తుడిచి, బిగించాను. (విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. లేదంటే స్పానర్ ఛాసిస్‌కు తగిలి నిప్పులు లేస్తాయి.) బండి స్టార్ట్ చేసి రేజ్ చేస్తే బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఎక్కాలి. నాకు 12.9 దాటలేదు. అదే 15 దాటి ఉంటే రెగ్యులేటర్‌ను, అంటే బ్యాటరీకి వెళ్లే వోల్టేజ్‌ను అదుపులో పెట్టే డబ్బాను, అనుమానించేవాణ్ని.

ఇంజన్‌లో కరెంటు పుట్టించే కాయిల్ నుంచి రెగ్యులేటర్‌కు మూడు పసుపు వైర్లు వస్తాయి. ఆ వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్ విప్పి, మీటర్‌ను ఏసీ వోల్టేజ్‌లో పెట్టి, ఇంజన్ రేజ్ చేస్తూ రెండేసి వైర్ల మధ్య చూశాను. మూడుసార్లూ 50 వోల్టులు దాటింది, దాదాపు సమానంగా. ఇంజన్ ఆపి ఒక్కో వైరుకూ బాడీకీ మధ్య చూస్తే మీటర్ బీప్ అనలేదు, అంటే వైరు ఎక్కడా బాడీకి తగలడం లేదు. కాయిల్ బాగుంది.

అప్పుడు నా చేతిలో ఉన్న కప్లర్‌ను తిప్పి చూశాను. ఒక పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి కరిగిపోయింది. ఆ పిన్ లూజై, వేడెక్కి, మాడింది. మూడు వైర్లలో ఒకటి పని చేయక బ్యాటరీకి సరిపడా కరెంటు అందడం లేదు. నాది 2018 బండి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు హెడ్‌లైట్ ఆపే స్విచ్ ఉండదు కదా, పగలు కూడా ఆ లైటు కరెంటు తింటూనే ఉంటుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగితే ఇక చెప్పాలా!

కొత్త కప్లర్, టంకం కలిపి నూటయాభై రూపాయల లోపే. రేజ్ చేస్తే 14.2.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. చార్జింగ్ వస్తోందో లేదో చూడటానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే అలవాటు కొందరికి ఉంది. వద్దు. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగబాకి ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ డబ్బా), రెగ్యులేటర్ పోవచ్చు.

సైడ్ ప్యానెల్ లోపల మార్కర్‌తో తేదీ, 12.7, 14.2 రాసి పెట్టాను. నెలకోసారి మీటర్ పెట్టి దాని కిందే రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు వరుసలు.