సుబ్బారావు గారి ఇంటిపేరు, నా 41 రిఫరెన్సులు

మా పరిశోధన పేపర్ జర్నల్‌కి పంపిన ఎనిమిదో రోజునే వెనక్కి వచ్చేసింది. పేపర్ చదివి బాగోగులు చెప్పే రివ్యూయర్ల దాకా వెళ్లనే లేదు. జర్నల్ ఆఫీసు మెయిల్‌లో మూడే ముక్కలు: రిఫరెన్సులు (ఆధారంగా చూపించిన పాత పేపర్ల వివరాలు) మేం అడిగిన పద్ధతిలో లేవు, 17వది లిస్టులో ఉంది కానీ వ్యాసంలో ఎక్కడా లేదు, 14వది ఎంత వెతికినా దొరకలేదు. సరిచేసి మళ్లీ పంపండి.

నేను విశాఖపట్నంలో ఒక మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. కిడ్నీ జబ్బు ఉండి, ఇంకా డయాలసిస్ దాకా వెళ్లనివాళ్ల రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉంటోందో చూశాం. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లు. తెల్లవారకముందే పలాసలో రైలెక్కి, పరగడుపున వచ్చి, మా ల్యాబ్ ముందు బెంచీ మీద ఓపిగ్గా కూర్చుని రక్తం ఇచ్చి వెళ్లారు. ఏడాదిన్నర పని అది. అదంతా రిఫరెన్సుల దగ్గర ఆగిపోయిందంటే ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఎక్కడ తప్పు జరిగిందో వెంటనే తెలిసింది. 41 రిఫరెన్సులూ నేను వర్డ్‌లో చేత్తో టైప్ చేశాను. అంతా అయ్యాక మా హెచ్ఓడీ సర్ "ఉద్దానం గురించి మొదట్లో ఒక పేరా ఉండాలమ్మా" అన్నారు. న్యాయమైన మాట. పేరా రాశాను, దానితో పాటు మూడు కొత్త రిఫరెన్సులు చేరాయి, అక్కణ్నుంచి కింద నంబర్లన్నీ జరిగాయి. రాత్రి పదకొండింటికి ఒక్కొక్కటీ దిద్దుకుంటూ పోయాను. 17 జారిపోయింది ఆ రాత్రే.

మెడికల్ జర్నల్స్ ఎక్కువగా అడిగేది వాంకూవర్ పద్ధతి. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు జర్నల్ ఎడిటర్లు కలిసి కూర్చుని రాతప్రతులకు ఒక ఉమ్మడి తీరు పెట్టుకున్నారు. ఆ ఊరి పేరే దానికి నిలిచిపోయింది. వ్యాసంలో ఏది ముందు వస్తే దానికి 1, తర్వాతిదానికి 2. అదే పేపర్ మళ్లీ వస్తే పాత నంబరే. టేబుల్‌లో మాత్రమే వచ్చే రిఫరెన్స్ అయితే, ఆ టేబుల్ గురించి వ్యాసంలో మొదట ఎక్కడ చెప్పామో అక్కడి వరసలో నంబరు పడాలి. ఈ చివరిది నాకు అంతవరకూ తెలియదు. నంబరు బ్రాకెట్‌లో ఉండాలా, పైకెత్తి రాయాలా, ఫుల్‌స్టాప్‌కి ముందా వెనకా అన్నది మాత్రం ఒక్కో జర్నల్‌ది ఒక్కో తీరు. అది వాళ్ల సూచనల పేజీలోనే చూసుకోవాలి.

ఈసారి రిఫరెన్సులు సర్దిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్‌లోకి మారాను. ఉచితంగా దొరుకుతుంది. పబ్‌మెడ్ (వైద్య పేపర్లు వెతుక్కునే ఆన్‌లైన్ జాబితా) నంబరు గానీ, డీఓఐ (పేపర్‌కిచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) గానీ ఇస్తే మిగతా వివరాలు అదే తెచ్చుకుంటుంది. వర్డ్‌లో పేరా అటూ ఇటూ మార్చినా నంబర్లు తనే సర్దుతుంది. ఎంవీపీ కాలనీలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద రెండు సాయంత్రాల్లో లిస్టు మొత్తం ఎక్కించేశాను.

అయితే అది తెచ్చిందల్లా నమ్మకూడదని మొదటి ప్రింటవుట్‌లోనే అర్థమైంది. వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ పేరు "ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్" అని పడింది. పాపం, ఆర్గనైజేషన్ అన్నది ఎవరిదో ఇంటిపేరనుకుంది. రచయిత పేరు ఉన్నచోట రెండు గడుల్ని ఒక్క గడిగా మారిస్తే సరిపోయింది. జర్నల్ పేర్లు కూడా పబ్‌మెడ్‌లో ఉన్న పొట్టి రూపంలోకి మార్చాను. లాన్సెట్ లాంటి ఒక్క మాట పేరైతే కుదించక్కర్లేదు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. ప్రతి పేపరూ తెరిచి, మేం దాని పేరున రాసిన మాట నిజంగా అందులో ఉందా అని చూడాలనుకున్నాను. మూడోరోజు బ్లాక్ అనే ఆయన బృందం 2004లో రాసిన పేపర్ తెరిచాను. "కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఫాస్ఫరస్ పెరిగితే మరణాలు పెరుగుతాయి" అని రాసి దాన్ని చూపించాం. తెరిస్తే అందులో ఉన్న 40,538 మందీ హీమోడయాలసిస్ మీద ఉన్నవాళ్లే. మా వాళ్లు ఒక్కరూ డయాలసిస్ మీద లేరు! వేరే ఎవరో పాత పేపర్లన్నీ సమీక్షిస్తూ రాసిన వ్యాసంలో చూసి ఆ రిఫరెన్స్ ఎత్తుకొచ్చాం. నాకు నిజంగా సిగ్గేసింది. డయాలసిస్ మొదలుకాని వాళ్ల మీద కెస్టెన్‌బామ్ బృందం 2005లో రాసిన పేపర్ ఉంది. ఫాస్ఫేట్ (రక్తంలో ఫాస్ఫరస్ ఉండే రూపం) డెసిలీటరుకు 3.5 మిల్లీగ్రాములు దాటినప్పటి నుంచే ప్రమాదం పెరుగుతోందని అందులో చూపించారు. మాకు కావాల్సింది అది. వాక్యాన్ని రెండుగా విడగొట్టి, ఎవరి మాట వాళ్లకు ఇచ్చాను. బ్లాక్ పేపర్‌కి రచయితలు ఆరుగురు, అందరి పేర్లూ వస్తాయి. రెండోదానికి ఎనిమిది మంది, ఆరుగురి పేర్లు రాసి ఎట్ ఆల్ (అంటే 'మిగతావాళ్లు') అని పెట్టాలి.

ఇక 14వది. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి మూలం మన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. భీమవరంలో పుట్టిన మనిషి, హార్వర్డ్‌లో ఫిస్క్ అనే ఆయనతో కలిసి చేసిన పని. ఏటా మా పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు ఛాతీ ఉప్పొంగుతుంది. మా లిస్టులో ఆ రిఫరెన్స్ "యల్లాప్రగడ ఎస్" అని ఉంది, సంవత్సరం 1952. పాత థీసిస్‌లోంచి దించుకున్నది. ఆయన పోయిందే 1948లో.

పబ్‌మెడ్‌లో నాకు దొరకలేదు. ఆ పేపర్ అచ్చయిన జర్నల్ సొంత సైట్‌లో పాత సంచికలు వెతికితే 1925 నాటి 66వ సంపుటంలో, 375వ పేజీ దగ్గర కనిపించింది. శీర్షిక అన్నీ పెద్దక్షరాలు, కింద ఇద్దరి పేర్లు. సుబ్బారావు అన్నది 'సుబ్బారో' అని ఒకే మాటగా, చివర ఇంగ్లీషు ఓ, డబ్ల్యూ అక్షరాలతో ఉంది. చాలాసేపు ఆ పేజీ అలాగే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు సర్‌కి చూపించాను.

"ఇంటిపేరు యల్లాప్రగడే కదమ్మా, మనం రాసింది కరెక్టే కదా?"

"ఇంటిపేరు అదే సర్. కానీ అక్కడ చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకున్నారు. నూరేళ్లుగా 'ఫిస్క్ సీహెచ్, సుబ్బారో వై' అనే ఉంది. మనం మారిస్తే వెతికేవాళ్లకు ఆయన దొరకరు సర్."

సర్ కాసేపు ఏమీ అనలేదు. "అయితే అలాగే ఉంచమ్మా" అన్నారు.

ఇది మన పేర్లన్నింటికీ ఉన్న ఇబ్బందే. నా పేరే ఒక పేపర్‌లో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో అసలు పేరుతో ఎక్కింది. పబ్‌మెడ్‌లో ఇద్దరు మనుషుల్లా ఉన్నాను. ఈ పేపర్‌లో మా పీజీ అమ్మాయి కూడా రచయితే. "నీ పేరు ఎలా రాస్తావో ఇప్పుడే తేల్చుకో, ఇక జీవితమంతా అలాగే రాయాలి" అని కూర్చోబెట్టి చెప్పాను. పేరు ఎలా రాసినా మనిషి ఒకరేనని తెలిపే ఆర్కిడ్ ఐడీ అనే గుర్తింపు నంబరు ఆమెతో పాటు నేనూ ఆ రోజే తీసుకున్నాను.

పేపర్ మళ్లీ పంపాం. ఈసారి రివ్యూకి వెళ్లింది, కొన్ని మార్పులడిగి తీసుకున్నారు. అచ్చుకు ముందు సరిచూసుకోమని ప్రూఫ్ వచ్చినప్పుడు రిఫరెన్సుల్లో ఒక్కటే ప్రశ్న మిగిలింది, ఇప్పుడు 15గా ఉన్న ఫిస్క్, సుబ్బారో దగ్గర: రెండో రచయిత పేరు సరిచూడగలరా? ఆ 1925 పేపర్ మొదటి పేజీ జతచేసి, "ముద్రించినట్టే ఉంచండి" అని రాసి పంపాను.