బియాలిక్ పిల్లల పాటలు: ఊనిక ఎక్కడ పడాలి?

హీబ్రూ కవి హయిమ్ నహ్మన్ బియాలిక్ రాసిన "నద్ నెద్" 1906 నాటి చిట్టి పాట. పైకీ కిందికీ ఊగే బల్ల (సీ-సా) మీద అటొకరు ఇటొకరు ఇద్దరు పిల్లలు. ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని ఒత్తి పలకడం, ఉన్న చోట దీర్ఘం పెట్టి రాస్తే పాట ఇలా ఉంటుంది: "మా లెమాల? మా లెమాత?" పైన ఏముంది? కింద ఏముంది? "రాక్ అనీ, అనీ వఆత." నేనే, నేనూ నువ్వూ.

ఆ ప్రశ్న పిల్లలది కాదు, యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోని హగీగా భాగానిది. పైన ఏముందో కింద ఏముందో తరచి చూసేవాడు అసలు పుట్టకపోయినా బాగుండేదని అక్కడి హెచ్చరిక. అంత బరువైన మాటను బియాలిక్ ఊగే బల్ల ఎక్కించి, జవాబు పసివాళ్ల చేత చెప్పించాడు. ఆయన పెద్ద కవితల్లోనూ ఇంత సాహసం అరుదు.

పాదానికి ఎనిమిది అక్షరాలు. ఊనిక 1, 3, 5, 7 మీద. చివర మాత–ఆత ప్రాస. చిక్కంతా ఈ "ఆత" తోనే. నేటి ఇజ్రాయెల్‌లో మామూలుగా "అతా" అంటారు. అలా చదివితే ప్రాస చెడుతుంది. 1873లో వొలీనియాలో (నేటి ఉక్రెయిన్‌) పుట్టిన బియాలిక్ చెవిది అష్కెనాజీ, అంటే తూర్పు ఐరోపా యూదుల, ఉచ్చారణ. అందులో ఊనిక ఎక్కువగా చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. 1924లో ఆయన టెల్ అవీవ్ చేరేసరికి అక్కడి బడుల్లో వినిపించేది ఊనిక ఎక్కువగా చివరి అక్షరం మీద పడే సెఫార్దీ ఉచ్చారణ.

"కేన్ లత్సీపొర్" అనే పిట్టగూడు పాటలో దెబ్బ ఇంకో రకం. ఏత్సిమ్, బేత్సిమ్ (చెట్లు, గుడ్లు) కొత్త ఉచ్చారణలో రెండూ కలిసి ఎత్సీమ్, బెత్సీమ్ అయిపోతాయి కనుక ప్రాస నిలుస్తుంది, నడక మాత్రం కుంటుతుంది. బాణీ కట్టి పాడేటప్పుడు పాత ఊనికే నిలుస్తుంది, అందుకే పాడేవాళ్లకు ఈ లోపం తెలియదు.

పిల్లల హీబ్రూ పుస్తకాల్లో అక్షరాలకు పెట్టే నిక్కుద్ చుక్కలు అచ్చుల్ని చెబుతాయి, ఊనికను చెప్పవు. కాబట్టి ముందు బేసి అక్షరాల మీద చప్పట్లు కొడుతూ చదవండి. ఎక్కడ తడబడితే అక్కడ ఊనికను ఒక అక్షరం వెనక్కి జరపండి. పాత గొంతు పూర్తిగా కావాలంటే కమాత్స్ అనే అచ్చు గుర్తున్న "అ"ను "ఒ" అనండి, చుక్కలేని తవ్ ("త") అక్షరాన్ని "స" అనండి. ఈ పద్ధతి మరో హీబ్రూ కవయిత్రి లేఆ గోల్డ్‌బెర్గ్‌కు వాడకండి. 1935లో టెల్ అవీవ్ వచ్చాక ఆమె రాసిన పిల్లల పాటలది కొత్త ఊనికే.

తెలుగు చేసేవాళ్లకు ఊనిక అక్కరకు రాదు, మాత్రలు లెక్కపెట్టాలి. "పైనే ముందీ? కిందే ముందీ? నేనూ నువ్వూ" అంటే నాలుగేసి మాత్రల నడక దక్కుతుంది. అంత్యప్రాస పోతుంది. బల్ల ఊగడమే పాట కనుక, ఆ రెంటిలో నడకనే ఉంచుకోవాలి.