దూది బతికింది, మల్లి దక్కలేదు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మేముంటున్న వీధిలో కుందేళ్ళు పెంచుకునే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ముఖ్యంగా వారి కోసమే ఇది రాస్తున్నాను. కిందటి వానాకాలంలో మా కుందేళ్ళకు ముక్కు కారే అంటుజబ్బు సోకింది. దూది, బూడిద కోలుకున్నాయి. మల్లి మాత్రం దక్కలేదు. జబ్బుకని ఇచ్చిన మందే మల్లిని బలితీసుకుంది. ఈ మాట చెప్పబోతే కొన్నాళ్ళపాటు నాకు గొంతు పూడుకుపోయేది.

పిల్లలు ముచ్చటపడతారని మా మరిది సంతలో ఒక బూడిదరంగు కుందేలు పిల్లను కొని తెచ్చి, నేరుగా దూది, మల్లి ఉన్న గూట్లోనే వదిలాడు. అతని ప్రేమను నేను తప్పుపట్టను. ఆ పిల్ల వచ్చిన నాటి నుంచే తుమ్ముతూ ఉండేది. వారం తిరగకముందే మిగతా రెండూ తుమ్మడం మొదలుపెట్టాయి, ముక్కుల నుంచి తెల్లటి చిక్కని చీమిడి కారసాగింది, గరిక పెట్టినా కాస్త కొరికి వదిలేసేవి.

మేము మొదట చూపించిన పశువైద్యునికి ఆవుల విషయంలో, మేకల విషయంలో హస్తవాసి మంచిదని పేరు. ఆయన బుట్ట మూత తీసి ఒక్కసారి తొంగిచూసి, "కుందేళ్ళకి ఇంత హైరానా ఏమిటమ్మా, పోతే సంతలో ఇంకో జత దొరుకుతుంది" అన్నారు. పక్కనే నిలబడిన మా అమ్మాయి ఆ మాట విని బుట్టను తన ఒళ్ళోకి లాక్కుంది. వాటి బరువైనా తూచకుండా, చిన్నపిల్లలకు వాడే అమాక్సిసిలిన్ సిరప్ రాసిచ్చి, పూటపూటా నోట్లో పోయమన్నారు. వైద్యుడు చెప్పాడు కనుక పోశాము. బూడిద ఒక్కటే ఎంత పట్టుకున్నా తల విదిల్చి, మందంతా బయటికి వదిలేసేది. దాని మొండితనమే దాన్ని కాపాడిందని తరవాత తెలిసింది.

ఆ రాత్రి హోరున వాన, కరెంటు లేదు. టార్చి వేసి చూస్తే మల్లి గూటి మూలన ఒళ్ళు ముడుచుకుని, పళ్ళు కటకటా కొరుకుతూ కూర్చుని ఉంది. తోక కింద బొచ్చంతా నీళ్ళవిరేచనంతో తడిసిపోయి ఉంది. ఎప్పుడు పట్టుకున్నా వెచ్చగా తగిలే చెవులు కుండలో నీళ్ళలా చల్లబడ్డాయి. అర్ధరాత్రని కూడా చూడకుండా, పశువైద్యం చదువుతున్న మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను. మందు పేరు వినగానే వాడు, "అత్తా, ఆ సిరప్ ఇంక ఒక్క చుక్క కూడా పొయ్యకు" అని కేక పెట్టినంత పని చేశాడు. కుందేలు తిన్న గడ్డి పులిసి అరగడానికి దాని పెద్దపేగు మొదట్లోని సంచిలో మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా లోపలికి వెళితే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోయి, వాటి చోట క్లాస్ట్రీడియం అనే చెడ్డ బాక్టీరియా పెరిగి విషాన్ని వదులుతుంది. వాడు చెప్పినట్లే సీసాల్లో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టాము, సిరంజితో నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టాము. తెల్లవారకముందే మల్లి మా అత్తయ్యగారి చేతుల్లోనే ప్రాణం విడిచింది. కుందేళ్ళ వాసన పడదని రోజూ సణిగే ఆవిడ, దాన్ని కొంగుతో కప్పి చాలాసేపు అలాగే కూర్చున్నారు.

భువనేశ్వర్ వెళ్ళేంత వ్యవధి లేక, పొద్దున్నే కారు మాట్లాడుకుని పాతపట్నం మీదుగా గరివిడి పశువైద్య కళాశాలకు వెళ్ళాము. అక్కడ దూదిని చూసిన వైద్యురాలికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఆవిడ ముక్కు చూడడానికి ముందే దాని ముంగాలిని మెల్లగా తిప్పి, లోపలి వైపు అట్టకట్టి గట్టిపడిన బొచ్చును నాకు చూపించి, "ముక్కు కారితే వీటితోనే తుడుచుకుంటాయమ్మా, ముందు ఇక్కడే చూడాలి" అన్నారు. కుందేలు దాదాపు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది కనుక ముక్కు పూడితే తిండి కూడా మానేస్తుందనీ, ఇది పాశ్చురెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే జబ్బనీ, పైకి ఆరోగ్యంగా కనిపించే కుందేలులో కూడా అది దాగి ఉండవచ్చనీ ఓపికగా వివరించారు. దూదినీ బూడిదనూ తూచి, ఆ బరువును బట్టి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మందు ఇచ్చారు. మూత్రం నిలిచిన గూట్లో పుట్టే అమ్మోనియా ఘాటు ముక్కు పొరను పాడుచేసి జబ్బును ముదరబెడుతుందని, గూడు ఎప్పుడూ పొడిగా ఉంచమన్నారు. ఆ వానల్లో పొడిగడ్డి ఎక్కడ దొరుకుతుందా అని నేను దిగులుపడుతుంటే, పక్కింటి ఒడియా పెద్దాయన తమ ఆవు కోసం దాచుకున్న గడ్డిలోంచి రోజూ ఒక మోపు తెచ్చి గోడ మీద పెట్టి వెళ్ళేవారు.

దూది మళ్ళీ తనంతట తానే గరిక అందుకున్న రోజున అత్తయ్యగారు పాతపట్నం నీలమణి దుర్గమ్మకు మొక్కు చెల్లించి వచ్చారు. మందు ఎంత పనిచేసిందో అమ్మ దయ కూడా అంత పనిచేసిందని నేను నమ్ముతున్నాను.

కొత్త కుందేలును తెస్తే కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచండి. దాని గిన్నెలు వేరుగా పెట్టి, పాతవాటికి మేత వేశాకే దాని దగ్గరికి వెళ్ళి, వెంటనే చేతులు కడుక్కోండి. ఏ కుందేలైనా ఒక పూటంతా ఏమీ తినకపోతే వైద్యానికి తీసుకెళ్ళడం రేపటికి వాయిదా వేయకండి. ఎవరు మందు రాసినా పేరు అడగండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ నోట్లో పోయమంటే ఒప్పుకోకండి.

కొంత కాలం తరవాత ఆ మొదటి వైద్యుని దగ్గరికి వెళ్ళి, ఆయన రాసిన చీటీని బల్ల మీద పెట్టి, జరిగినదంతా చెప్పాను. ఆయన తలెత్తకుండా విన్నారు, ఇకమీదట కుందేళ్ళకు అది రాయనన్నారు. మల్లి గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. దానికి నా కోపం ఇంకా చల్లారలేదు.