పిల్లల ఒత్తిడికి ఊపిరి మీద ధ్యాస

ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు మోస్తున్న మన పిల్లల ఒత్తిడి గురించి మాట్లాడేటప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. జరుగుతున్న క్షణాన్ని, ఆ క్షణంలో మన శరీరంలోనూ మనసులోనూ కలిగే కదలికలను మంచిచెడ్డలు ఎంచకుండా గమనించడమే ఈ సాధన. ఊపిరి రాకపోకలను గమనించే బౌద్ధుల ఆనాపానసతి వంటి సాధనల నుంచి తీసుకుని, 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీర్ఘకాలపు నొప్పులతో, ఒత్తిడితో బాధపడే రోగుల కోసం దీనిని 8 వారాల శిక్షణగా రూపొందించారు. పెద్దల కోసం పుట్టిన ఈ పద్ధతిని పిల్లలకు ఇంకొక పాఠంగా అప్పగిస్తే ఫలించదని నా నమ్మకం.

బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో 8 వేలమందికి పైగా పిల్లలతో జరిపిన మిరియడ్ అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. తరగతి మొత్తానికీ మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పినా, మామూలుగా చెప్పే భావోద్వేగ పాఠాల కంటే అదనపు మేలేమీ కనబడలేదు; ఎక్కువమంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. నేర్పిన ఉపాధ్యాయుల అలసట మాత్రం కొంత తగ్గింది. అందుకే ఇది మొదట ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలతో కలిసి చేయవలసిన పని అని నేననుకుంటాను.

చిన్నపిల్లలను వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద వాళ్లకిష్టమైన బొమ్మ పెట్టి, అది లేస్తూ దిగుతూ ఉంటే చూడమంటే చాలు, ధ్యాస దానంతటదే ఊపిరి మీదికి వస్తుంది. నెమ్మదిగా, ముఖ్యంగా బయటికి వదిలే ఊపిరి పొడవుగా ఉండేలా శ్వాసిస్తే మెదడు నుంచి గుండె దాకా సాగే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది కనుక, పరీక్ష హాల్లో చేతులు చెమటలు పట్టే పెద్ద పిల్లలకు కూడా ఇదే అక్కరకొస్తుంది. ఒక్క బత్తాయి తొనను వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, తొందరపడకుండా తినడం కూడా సాధనే. కళ్లు మూసుకోవడానికి భయపడే పిల్లలను బలవంతపెట్టకూడదు. నేల మీద ఒక చోట చూపు నిలిపినా సరిపోతుంది. అల్లరి చేసిన పిల్లవాణ్ణి మూల కూర్చోబెట్టి ఊపిరి గమనించమంటే, ఆ పిల్లవాడికి అది శిక్షగానే గుర్తుండిపోతుంది.

రాత్రి 11 దాకా స్టడీ అవర్లు పెట్టి, తెల్లవారుజామునే లేపి, మధ్యలో పది నిమిషాలు ధ్యానం చేయించే ఏర్పాటును నేను ఒప్పుకోలేను. 13 ఏళ్లు దాటిన పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, ఆ లోటును ఏ సాధనా పూడ్చదు. వారాల తరబడి దిగులుగా, తిండి మీద ధ్యాస లేకుండా, స్నేహితులకు దూరంగా ఉంటున్న పిల్లలకు ఊపిరి సాధన చాలదు. వాళ్లను మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లాలి. వెంటనే మాట్లాడవలసి వస్తే కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.