దారిలో పోయిన వోల్టు

అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే అడుగుతుంది. "ఇంతకీ నువ్వక్కడ చేసే పనేంట్రా?" కరెంటు కార్లకు బ్రేకులు చేస్తామమ్మా అంటే, "కారు ఆపడానికి కూడా అంత దూరం పోవాలా?" అని నవ్వుతుంది. నిజానికి నేను కూడా కారును ముందుకు ఉరికించే పెద్ద మోటార్ల మీద పని అనుకునే విమానం ఎక్కాను. తీరా వచ్చాక చేతిలో పెట్టింది పిడికిలంత మోటారు. దాని పని చక్రాన్ని గట్టిగా పట్టుకుని ఆపడం.

పెట్రోలు కారులో ఇంజిను ఇచ్చే వాక్యూమ్ డ్రైవరు పాదానికి తోడు నిలుస్తుంది. కరెంటు కారులో ఆ ఇంజినే లేదు కాబట్టి ఆ సాయం మోటారు చేయాలి. మేం చేసేదాంట్లో బ్రేకు ఆయిలు కూడా ఉండదు. చక్రం దగ్గరే ఒక మోటారు, దానికి గేర్లు, గేర్ల చివర బాల్ స్క్రూ, అంటే మోటారు తిరుగుడును ముందుకు నెట్టే కదలికగా మార్చే మర. ఆ స్క్రూ ముందుకు జరిగి ప్యాడ్‌ను డిస్క్‌కేసి అదుముతుంది. ముందు చక్రం దగ్గర ఆ అదుము 35 కిలోన్యూటన్లు, అంటే దాదాపు మూడున్నర టన్నుల బరువు మోపినట్టు. అదంతా రెప్పపాటులో జరిగిపోవాలి.

చిత్రమేమిటంటే రోజులో ఎక్కువసేపు ఈ బ్రేకుకు పనే ఉండదు. మామూలుగా వేగం తగ్గించేటప్పుడు కారును నడిపే మోటారే జనరేటరులా మారి బ్యాటరీని నింపుకుంటుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడో, ఎవరైనా అడ్డం వచ్చినప్పుడో మొత్తం భారం ఒక్కసారిగా మా మీద పడుతుంది. కొనుగోళ్ల విభాగం వాళ్లకు ఇందులో మొదటి సగమే వినిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి వాడేదానికి ఇంత ఖర్చెందుకని వాళ్ల గొడవ.

నేను చేరిన కొన్ని నెలలకు మైనస్ 40 డిగ్రీల గదిలో పరీక్ష తప్పింది. పూర్తి బలం అందుకోవడానికి మా బ్రేకు 40 మిల్లీసెకన్లు ఎక్కువ తీసుకుంది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ 40 మిల్లీసెకన్లలో కారు ఒక మీటరుకు పైనే పోతుంది. పవర్ పెంచమన్నారు. అయితే మోటారు మార్చకూడదు, మరింత ఖరీదైన అయస్కాంతాలు పెట్టకూడదు, 48 వోల్టులకు పోకూడదు. 48కి పోతే అదే పవర్‌కు కరెంటు నాలుగో వంతు చాలు, వైర్లలో పోయే నష్టం పదహారో వంతుకు పడిపోతుంది. కానీ మోటారుకు కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు 12 వోల్టుల కోసం ఎంచినవి, అవన్నీ మార్చాలి, కారులో ఇంకో వోల్టేజి లైను వేయాలి. చవకగా చేయమన్న మాటకు అక్కడే నీళ్లొదులుకోవాలి.

నాకు తోచింది కరెంటు పెంచడం. మోటారు టార్క్, అంటే తిప్పే బలం, కరెంటును బట్టే కదా. మీటింగులో చెప్పాల్సిన వాక్యాలు వాళ్ల భాషలో రాసుకుని, రాత్రంతా బట్టీ పట్టాను. 20 శాతం కరెంటు పెంచుదాం అన్నాను. ల్యాబులో ముప్ఫై ఏళ్లుగా ఉన్న టెక్నీషియన్ ఒకాయన, డిగ్రీలేం లేవు, ఒకే ప్రశ్న వేశాడు. "మరి వేడి ఎక్కడికి పోతుంది?" కరెంటు 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. వర్గం లెక్క. కాలేజీలో పరీక్షలకు రాసిందే. పైగా అయస్కాంతం పక్కనున్న ఇనుము అప్పటికే అయస్కాంత శక్తితో సగం నిండిపోయి (సంతృప్తమై) ఉంటే టార్క్ ఆ మేరకు పెరగదు కూడా. నేను నోరెత్తలేదు. భాష రాక జవాబు చెప్పలేకపోయానని ఆ రోజంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జవాబు తెలుగులో కూడా లేదని మర్నాటికి ఒప్పుకున్నాను. వర్క్ పర్మిట్ ఉద్యోగంతో ముడిపడి ఉన్నవాడికి ఇలాంటి మౌనం ఎంత టెన్షన్ పెడుతుందో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఆయనే నన్ను ల్యాబుకు పిలిచాడు. వోల్టేజిని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపు ప్రోబులు రెండు తీసి, ఒకటి విద్యుత్ సరఫరా దగ్గర, ఇంకొకటి బ్రేకు కనెక్టరు పిన్నుల మీద పెట్టాడు. చలి గదిలోంచి తీసిన యూనిట్ ఇంకా మంచు పట్టి తెల్లగా ఉంది. ఒకసారి బ్రేకు వేశాం. తెర మీద పసుపు గీత 12 దగ్గరే నిలబడింది. నీలి గీత మాత్రం చెరువు గట్టు తెగినట్టు జారి 10.4 దగ్గర ఆగింది.

"చూశావా?" అన్నాడు. "నీ మోటారుకు అందుతున్నది ఇంతే."

చలికి గ్రీజు బిగుసుకోవడం వల్ల, ప్యాడ్‌కు డిస్క్‌కు మధ్య ఖాళీ దాటే దశలోనే 45 ఆంపియర్లు లాగుతోంది. దారిలో ఉన్న నిరోధం 35 మిల్లీఓమ్‌లు. వైరు 4 చదరపు మిల్లీమీటర్లది, పోనురాను 6 మీటర్లు. దానికే 26 మిల్లీఓమ్‌లు. మిగిలినవి కనెక్టర్లలో, ఎర్త్ బోల్టు దగ్గర. మొత్తం 70 వాట్లు ప్యాడ్ దాకా రాకుండానే దారిలో వేడై పోతున్నాయి. మోటారు ఎంత వేగం అందుకోగలదనేది దానికి అందే వోల్టేజిని బట్టి ఉంటుంది. ఖాళీ దాటడానికి కావలసింది బలంకన్నా వేగం. మేం పోగొట్టుకున్న 40 మిల్లీసెకన్లలో చాలా భాగం అక్కడే పోయింది.

వైరు 6 చదరపు మిల్లీమీటర్లకు మార్చి, ఎర్త్ పాయింటును బ్రేకుకు దగ్గరగా జరిపాం. ఖర్చు కొంచెం రాగి, ఒక బోల్టు రంధ్రం.

మిగతాది నా చేతిలో ఉంది, కోడులో. ఎప్పుడో ఒక పంపు మోటారు కోసం రాసిన ప్రోగ్రామునే ఇందులోకి తెచ్చి పెట్టారు. అది మోటారుకు మామూలు సైన్ అల పంపుతుంది. మోటారుకు కరెంటు వెళ్లే మూడు దారులకూ (ఫేజులకూ) మూడో హార్మోనిక్, అంటే మూడు రెట్లు వేగంగా ఊగే ఇంకో చిన్న అల, జోడిస్తే అదే బ్యాటరీ నుంచి 15 శాతం ఎక్కువ వోల్టేజి తీయొచ్చు. ఈ రంగంలో అందరికీ తెలిసిందే. మరి ఎందుకు వాడలేదు? రెండు రోజులు కోడు తవ్వితే తేలింది. కరెంటును కొలిచే షంట్ రెసిస్టర్లు కింది వైపు ట్రాన్సిస్టర్ల దగ్గర ఉన్నాయి. వోల్టేజి పైదాకా వాడితే ఒక ఫేజులో కింది ట్రాన్సిస్టర్ కొన్ని మైక్రోసెకన్లే ఆన్‌లో ఉంటుంది, కొలవడానికి వ్యవధి చాలదు. అందుకని ఎవరో పరిమితి పెట్టి వదిలేశారు. మా బోర్డులో మూడు షంట్లు ఉన్నాయి. ఏ క్షణానికి ఏ రెండు ఫేజుల్లో వ్యవధి ఉంటే వాటిని కొలిచి, మూడోది లెక్కగట్టొచ్చు. మూడింటి మొత్తం సున్నాయే కదా. కోడులో మారింది పాతిక లైన్లు. ఆ పాతిక లైన్లు భద్రత పరీక్షలన్నీ దాటడానికి ఐదు వారాలు పట్టిందనుకోండి, అది వేరే సంగతి. బ్రేకు కోడంటే తమాషానా.

ఖాళీ దాటే కొద్ది మిల్లీసెకన్లు ఫీల్డ్ వీకెనింగ్ కూడా జోడించాం. అయస్కాంతానికి ఎదురుగా కాస్త కరెంటు పంపితే మోటారు తన మామూలు హద్దు దాటి తిరుగుతుంది. ఎక్కువసేపు చేస్తే కాయిలు కాలుతుంది, ఇంత తక్కువసేపటికి ఫరవాలేదు. పల్చటి గ్రీజు కూడా ప్రయత్నించాం. చలిలో బ్రహ్మాండంగా ఉంది. డిస్క్ ఎర్రగా కాలినప్పుడు ఆ పక్కనే ఉన్న స్క్రూ మీద అది నిలుస్తుందో లేదో తేల్చడానికి నెలల పరీక్ష కావాలన్నారు. వదిలేశాం.

మళ్లీ మైనస్ 40 గదిలో పెట్టిన రోజు టెక్నీషియనే మీట నొక్కాడు. లక్ష్యం కన్నా 6 మిల్లీసెకన్లు ముందే పూర్తి బలం వచ్చింది. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ అంతే. ఆయన ఏమీ అనలేదు, ప్రోబులు చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. రిపోర్టులో వైరు సంగతి ఎవరు పట్టారో రాయాల్సిన చోట ఆయన పేరే రాశాను. మేనేజరు ఒకసారి నా వంక చూసి, అలాగే ఉంచాడు.

వారం తిరగకుండానే కొనుగోళ్ల విభాగం నుంచి మెయిల్ వచ్చింది. పవర్ ఇంత మిగులుతోంది కాబట్టి మోటారును ఇంకాస్త చిన్నది చేయొచ్చా అని. చేరిన కొత్తలో అయితే వెంటనే "తప్పకుండా" అని రాసేవాణ్ణి. మెయిల్ మూసి, ఆయన ఎక్కడున్నాడో వెతుక్కుంటూ ల్యాబుకు వెళ్లాను.