లావు పిడి చెంచా

పిడికి స్పాంజి గొట్టం తొడిగిన చెంచాతో, మోచేతిని బల్లపై ఆనించి, మావయ్య ఈ ఉదయం విజయనగరంలో చిక్కటి చోడి అంబలిని తన చేత్తోనే తాగారు. అత్తయ్య సాయానికి చాచిన చేతిని వెనక్కి తీసుకున్నారు.

మావయ్యకున్న మోటార్ న్యూరాన్ వ్యాధిలో కండరాలను నడిపే నాడీకణాలు క్షీణిస్తూనే ఉంటాయి, రిలుజోల్ మాత్ర ఆ క్షీణతను కొంత నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు. అందుకే రోజువారీ పనులు చేసుకునే తీరు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు పోయిన బలం తిరిగి వస్తుందని ఆశ పెట్టలేదు. స్నానం కూర్చుని చేసి, మిగిలిన శక్తిని ఇష్టమైన పనికి దాచుకోమన్నారు. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇష్టమైన పని ఏమిటని ఆ థెరపిస్టు అడిగితే, మనవడితో చదరంగం ఆడటమని మావయ్య తడుముకోకుండా చెప్పారు.

చేతులు పూర్తిగా చచ్చుబడినా కళ్ళ కదలిక సాధారణంగా చాలాకాలం నిలుస్తుంది కనుక, అక్షరాల పలకపై చూపుతో మాటలు కూర్చే సాధనను మాట స్పష్టంగా ఉన్న ఇప్పుడే మావయ్య మొదలుపెట్టారు.