తుగ్గలి దారిలో కంపముల్లు
కర్నూలు నుంచి బెంగళూరుకు నాలుగు రోజుల సైకిల్ యాత్ర. పద్నాలుగు మందిమి. మనిషికి ఏడు వేలు కట్టించుకున్నారు. హైవే మీద లారీల గోల ఎందుకని మొదటి రోజు కోడుమూరు, పత్తికొండ మీదుగా గుత్తి చేరేట్టు పెట్టారు. ఆ రోజంతటిలో నాకు బాగా గుర్తుండిపోయింది రెండు గంటలే.

ముందు తిండి సంగతి చెప్పాలి. దేవనకొండలో ఆగితే హోటల్ బాండలిలో మిరపకాయ బజ్జీలు తేలుతున్నాయి. ఉగ్గాని (నానబెట్టిన బొరుగుల తాలింపు), రెండు బజ్జీలు కలిపి 40 రూపాయలు. మా లీడర్ మాత్రం "నూనె వద్దు సార్, తొక్కలేరు" అంటూ వ్యాన్‌లోంచి బ్రెడ్డు, జాము తీశాడు. ఏడు వేలు పోసి ఉగ్గాని ఊళ్లో బ్రెడ్డు తినాలా? చాటుగా వెళ్లి ప్లేటు లాగించి వచ్చాను.

పత్తికొండలో మద్రాసు గవర్నర్ మన్రో దొర 1827లో కలరాతో పోయాడంటారు. జూన్ మొదటి వారం, మధ్యాహ్నం రెండు. మమ్మల్ని చంపడానికి కలరా దాకా అక్కర్లేదనిపించింది.

ఊరు దాటి తుగ్గలి వైపు తిరిగాక వెనక టైరు మెత్తబడింది. అందరికన్నా వెనక ఉన్నది నేనే, వ్యాన్ ఎప్పుడో ముందుకెళ్లిపోయింది, ఫోన్‌కు సిగ్నల్ లేదు. ట్యూబు మార్చి అర కిలోమీటరు పోయానో లేదో మళ్లీ గాలి దిగిపోయింది. ముల్లు మొన టైరులోనే ఉండిపోయిందన్నమాట. టైరు విప్పి లోపల వేళ్లతో తడుముతూ రోడ్డు పక్కన కూర్చున్నాను.

చేలల్లో జనం. తలలు వంచుకుని అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతున్నారు. తొలకరికి మట్టి కొట్టుకుపోయి రాళ్లు బయటపడితే అందులో వజ్రం దొరుకుతుందని తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా కర్నూలోళ్లకు ఏటా పేపర్లో చదివే వార్తే గానీ, నేను కళ్లారా చూడడం అదే మొదటిసారి. విత్తనం వేసిన చేలను తొక్కేస్తున్నారని రైతులు గట్ల మీద కంప కొట్టి అడ్డం వేశారు. ఆ కంప రోడ్డు దాకా పరుచుకుంది. నా టైరులో దిగింది అదే.

"ఏందయ్యా దేవులాడుతున్నావు? నీగ్గానీ రాయి దొరికిందా?"

యాభై దాటిన మనిషి. యాస వింటే ప్రకాశం వైపు అనిపించి అడిగాను. అవునంది. మిరప తోట తెగులుకు పోయిందట, మొగుడూ పెళ్లామూ వచ్చి తొమ్మిది రోజులైందట. రాత్రిళ్లు గుడి దగ్గర టార్పాలిన్ పట్టా కట్టుకుని పడుకుంటున్నారు.

"రాయి కాదమ్మా, ముల్లు."

టైరు తీసుకుని ఎండకు ఎదురుగా పట్టుకుంది. నేను పావుగంట తడిమినా తగలనిది ఆమెకు ఒక్క నిమిషంలో కనబడింది. జాకెట్టు పిన్నీసు తీసి, నువ్వుగింజలో సగం లేని మొనను పైకి లాగి నా అరచేతిలో పెట్టింది. తర్వాత కొంగుముడి విప్పి ఆరేడు రాళ్లు చూపించింది. నాకైతే అన్నీ పలుగురాళ్లలాగే ఉన్నాయి. పైకి మాత్రం "బాగున్నాయమ్మా" అన్నాను. "ఏం బాగు? కొనేవాడు నిన్న చూసి నవ్విపోయాడు" అంది.

ట్యూబును ఆమె బకెట్టు నీళ్లలో ముంచి, బుడగలు వచ్చిన చోట ప్యాచ్ వేశాను.

"ఈ సైకిలెంత?"

డెబ్బై రెండు వేలు. "ఇరవై" అన్నాను.

"ఇరవై వేలా! మోటారన్నా లేదే!"

మా నాన్న పాత హెర్క్యులిస్ మీద రెండు మూటల శనక్కాయలు వేసుకుని మార్కెట్‌కు పోయేవాడు. ఆయన విన్నా ఇదే మాట అనుండేవాడు.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. గాలి కొట్టే పిన్ను దగ్గర చిరిగిన మొదటి ట్యూబును చూపించి "అదిచ్చిపో, గాలికి పట్టా లేచిపోతాంది, కట్టుకుంటాం" అంది. ఇచ్చాను.

గుత్తి చేరేసరికి ఏడున్నర. లాడ్జిలో సంగటి అయిపోయింది, చపాతీలు చల్లారిపోయాయి. బజ్జీలు తిన్నందుకే వెనకబడ్డానని లీడర్ తేల్చేశాడు. ఎవడు చెప్పాడో ఏమో.

మర్నాడు పొద్దున వ్యాన్ దగ్గర కొత్త ట్యూబు అడిగితే 450 అన్నారు. కర్నూలులో అదే ట్యూబు 280.